గేరు పడదు, కింద మోత: మాన్యువల్ కారులో లోపం కనిపెట్టే పద్ధతి

మాన్యువల్ కారులో ఇంజిన్ నుంచి చక్రం దాకా శక్తిని మోసే భాగాల్లో తేడా వస్తే డ్రైవరుకు అది రెండు దారుల్లో తెలుస్తుంది. ఒకటి చేతికి తెలిసేది: గేరు పడదు, పడేటప్పుడు గర్రుమంటుంది, పడ్డాక జారిపోతుంది. రెండోది చెవికి తెలిసేది: మూలుగు, ఊళ, టకటక, ధడ్‌మనే దెబ్బ. ఈ గుర్తులను బట్టి దోషం క్లచ్‌లో ఉందా, గేర్‌బాక్సులోనా, డిఫరెన్షియల్‌లోనా, డ్రైవ్ షాఫ్టు జాయింట్లలోనా, లేక వీటిలో ఎక్కడా కాక మామూలు టైరులోనే ఉందా అని తేల్చడమే ఇక్కడ లోప నిర్ధారణ.

చప్పుడు ఎలా ఉందో చెబితే భాగం పేరు దొరుకుతుందని కారు యజమానులే కాదు, కొందరు మెకానిక్కులూ నమ్ముతారు. కానీ ఒకరికి గరగరగా వినిపించింది మరొకరికి గుర్రుగా వినిపిస్తుంది. పైగా ఇనుప బాడీలో శబ్దం ఎక్కడ పుట్టి ఎక్కడ తేలుతుందో చెప్పలేం. కచ్చితంగా పనికొచ్చేది అది మొదలయ్యే, ఆగిపోయే సందర్భం. ఇంజిన్ వేగంతో మారుతోందా, బండి వేగంతోనా? యాక్సిలరేటర్ నొక్కినప్పుడా, వదిలినప్పుడా? క్లచ్ తొక్కితే పోతోందా, అప్పుడే వస్తోందా? మలుపులోనేనా? ఒక్క గేరులోనేనా? వీటికి జవాబులు దొరికితే పానా పట్టుకునే ముందే సగం పని అయినట్టు.

శక్తి నడిచే దారి

ఇంజిన్ క్రాంక్‌షాఫ్టు చివర ఫ్లైవీల్ ఉంటుంది. దానికీ ప్రెషర్ ప్లేటుకీ నడుమ క్లచ్ ప్లేటు గట్టిగా నొక్కుకుని ఉంటుంది. పెడల్ తొక్కగానే రిలీజ్ బేరింగు జరిగి ప్రెషర్ ప్లేటు వేళ్ళను నొక్కుతుంది, క్లచ్ ప్లేటు వదులవుతుంది, ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ సంబంధం తెగుతుంది. క్లచ్ ప్లేటు నడిబొడ్డున ఉన్న గాళ్ళలో గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు దూరి ఉంటుంది. కాబట్టి పెడల్ పైకి ఉంటే ఇన్‌పుట్ షాఫ్టు ఇంజిన్‌తో పాటు తిరుగుతుంది, పూర్తిగా తొక్కి ఉంచితే కాసేపట్లో ఆగిపోతుంది. ముందు చెప్పబోయే పరీక్షల్లో చాలావాటికి ఈ చిన్న తేడాయే ఆధారం.

గేరు మార్చడమంటే విడిగా ఉన్న పళ్ళచక్రాలను తెచ్చి కలపడం అనుకుంటారు చాలామంది. తొలినాటి కార్లలో నిజంగా అంతే. ఇప్పటి గేర్‌బాక్సులో ముందుకు నడిపే గేర్ల జతలన్నీ ఎప్పుడూ కలిసే తిరుగుతుంటాయి. ప్రతి జతలో ఒక చక్రం షాఫ్టు మీద వదులుగా తిరుగుతూ ఉంటుంది. మనం లివరు కదిపితే ఫోర్కు ఒక స్లీవును జరిపి ఆ వదులు చక్రాన్ని షాఫ్టుకు బిగిస్తుంది. గేరు వేసేటప్పుడు గర్రుమనేది ఆ స్లీవు పళ్ళూ, చక్రం పక్కనుండే చిన్న పళ్ళూ రాసుకోవడం వల్ల. ఆ రెంటి వేగాలను ముందే సమం చేసే సింక్రోమెష్‌ను 1928లో అమెరికాలో క్యాడిలాక్ కార్లలో మొదట అమర్చారు. మన అంబాసిడర్, ప్రీమియర్ పద్మినీలలో పై గేర్లకు సింక్రో ఉన్నా మొదటి గేరుకు ఉండేది కాదు. బండి పూర్తిగా ఆగితే తప్ప ఫస్టు వేయకూడదని పాతతరం డ్రైవర్లు పట్టుబట్టింది అందుకే. ఆ అలవాటు ఉన్నవాళ్ళ చేతిలో ఇవాళ్టి గేర్‌బాక్సులు కూడా ఎక్కువ కాలం బతుకుతాయి.

ఆ రెండు కార్లలోనూ ఇంజిన్ ముందు, చోదనం వెనక చక్రాలకు. మధ్యలో పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్టు, దాని కొసల్లో యూనివర్సల్ జాయింట్లు, వెనక యాక్సిల్‌లో క్రౌన్, పినియన్, డిఫరెన్షియల్. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800తో ముందు చక్రాల చోదనం మన వీధుల్లో మామూలైపోయింది. అడ్డంగా అమర్చిన ఇంజిన్ పక్కనే గేర్‌బాక్సు, దాని పెట్టెలోనే డిఫరెన్షియల్, అక్కడి నుంచి రెండు చక్రాలకు రెండు డ్రైవ్ షాఫ్టులు, ఒక్కోదానికి లోపలొకటి బయటొకటి సీవీ జాయింటు. ఇవాళ్టి చిన్న కార్లలో ఎక్కువ భాగం ఈ రకమే. బొలెరో, స్కార్పియో, ఇన్నోవా వంటివి పాత అమరికలోనే కొనసాగాయి. బండి ఏ రకమో తెలియకుండా చప్పుడు గురించి మాట్లాడటం వృథా. ఒక రకంలో అనుమానించాల్సిన భాగం రెండో రకంలో అసలు ఉండకపోవచ్చు.

గేరు పడనప్పుడు

మొదటి పరీక్షకు పరికరాలేమీ అక్కర్లేదు. సమతలం మీద బండి ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజిన్ ఆపేసి, క్లచ్ తొక్కి అన్ని గేర్లూ వేసి చూడాలి. తర్వాత ఇంజిన్ ఆన్ చేసి అదే పని మళ్ళీ చేయాలి. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు మెత్తగా పడుతూ, ఆన్ చేశాక మొరాయిస్తే క్లచ్ పూర్తిగా విడవడం లేదు. రెండు సందర్భాల్లోనూ బిగుసుకుంటే లోపం లివరు నుంచి గేర్‌బాక్సు దాకా వెళ్ళే కేబుళ్ళలోనో, బుష్‌లలోనో, పెట్టెలోని ఫోర్కులు, రాడ్లలోనో ఉంది. గేర్‌బాక్సు దించకముందే తేల్చుకోవాల్సిన మొదటి సంగతి ఇదే. ఎన్నో షెడ్లలో దీన్ని దాటేసి నేరుగా ఖర్చులోకి దిగుతారు.

క్లచ్ విడవడం లేదని ఇంకో రెండు విధాలుగా రూఢి చేసుకోవచ్చు. న్యూట్రల్‌లో ఇంజిన్ నడుస్తుండగా పెడల్ పూర్తిగా తొక్కి, పదిదాకా లెక్కపెట్టి, అప్పుడు రివర్సు వేయాలి. చాలా కార్లలో రివర్సుకు సింక్రో ఉండదు. ఇన్‌పుట్ షాఫ్టు నిజంగా ఆగిపోయి ఉంటే చప్పుడు లేకుండా పడాలి. అంతసేపు ఆగినా గర్రుమంటే షాఫ్టు ఇంకా తిరుగుతోందన్నమాట. రెండోది: ఎదురుగా ఖాళీ ఉన్నచోట ఫస్టు వేసి, క్లచ్ నేలకు తొక్కిపెట్టి, కొద్దిగా రేస్ ఇవ్వాలి. బండి ముందుకు పాకాలని చూస్తే అనుమానం తీరినట్టే.

క్లచ్ విడవకపోవడానికి కారణాలు చౌకవాటి నుంచి ఖరీదైనవాటి వరకూ ఉంటాయి. పెడల్ కింద ఇరుక్కున్న మందపాటి కాలిపట్టా కూడా వాటిలో ఒకటి. క్లచ్ వైరు ఉన్న కార్లలో అది సాగి పెడల్ దగ్గర ఖాళీ పెరుగుతుంది. అడ్జస్ట్‌మెంట్ నట్టు తిప్పితే సరిపోతుంది. వైరు పోగులు తెగుతుంటే మార్చాలి. హైడ్రాలిక్ క్లచ్ అయితే ముందు రిజర్వాయర్ చూడాలి. చాలా కార్లలో బ్రేకుకూ క్లచ్‌కూ ఒకటే డబ్బా, క్లచ్ గొట్టం డబ్బాలో కాస్త ఎత్తున ఉంటుంది. ఫ్లూయిడ్ తగ్గితే తొలి దెబ్బ క్లచ్‌కే. పెడల్‌ను రెండు మూడుసార్లు గబగబా తొక్కితే గేరు పడి, కాసేపయ్యాక మళ్ళీ కష్టమైతే లైనులో గాలి చేరిందనో, మాస్టర్ సిలిండర్‌లో గానీ స్లేవ్ సిలిండర్‌లో గానీ సీలు పోయిందనో అర్థం. ఈ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తుప్పు రంగు తిరిగిన పాత ఫ్లూయిడ్ సీళ్ళనూ, సిలిండర్ గోడలనూ తినేస్తుంది.

నెలల తరబడి కదలకుండా నిలిపిన బండిది మరో కథ. వానాకాలం తేమకు ఫ్లైవీల్ తుప్పు పట్టి క్లచ్ ప్లేటు దానికి అతుక్కుపోతుంది. పెడల్ ఒత్తిడి మామూలుగానే ఉంటుంది, గేరు మాత్రం ససేమిరా పడదు. ఇది అరుగుదల కాదు కనుక కొత్త క్లచ్ సెట్టు కొనిపించే ముందు ప్లేటును విడిపించే ప్రయత్నం చేయడం న్యాయం.

దీనికి సరిగ్గా వ్యతిరేకమైన జబ్బు క్లచ్ జారడం. టాప్ గేరులో ఓ మాదిరి వేగంతో పోతూ యాక్సిలరేటర్ గట్టిగా నొక్కితే ఇంజిన్ ఆర్‌పీఎం ఎగబాకుతుంది, బండి వేగం మాత్రం పెరగదు. ఎత్తు ఎక్కేటప్పుడు కాలిన వాసన కూడా వస్తుంది. ఇందులో గేర్లు పడటానికి ఇబ్బందేమీ ఉండదు, అందుకే యజమాని దీన్ని పికప్ తగ్గిందని చెప్పి ఇంజిన్ పని చేయిస్తాడు.

లివరు మీద చెయ్యి వేస్తే దొరికే ఆధారం ఇంకొకటి. న్యూట్రల్‌లో అది చారులో గరిటె తిరిగినట్టు ఏ పట్టూ లేకుండా తిరుగుతుంటే, మూడు వేయబోతే ఐదు పడుతుంటే, అది గేర్‌బాక్సు తప్పు కాకపోవచ్చు. లివరు అడుగున ఉండే ప్లాస్టిక్ బుష్ పగిలిందో, కేబుల్ కొస ఊడిందో చూడాలి. ఒకరు లోపల కూర్చుని లివరు కదుపుతుంటే మరొకరు బానెట్ తీసి గేర్‌బాక్సు దగ్గరి చెయ్యి ఎంత కదులుతోందో గమనిస్తే చాలు. ఇక్కడ కదలిక, అక్కడ కదలిక సమంగా లేకపోతే మధ్యలో ఎక్కడో ప్లే, అంటే వదులు, ఉంది.

సింక్రో అరిగితే

సింక్రో రింగు చాలా గేర్‌బాక్సుల్లో ఇత్తడితో చేసిన శంఖాకారపు వలయం. స్లీవు దాన్ని నెట్టగానే అది గేరు చక్రం శంఖువు మీద రాసుకుని వేగాన్ని తగ్గిస్తుంది లేదా పెంచుతుంది. వేగాలు సమమయ్యేదాకా స్లీవును ముందుకు పోనివ్వకుండా అడ్డుపడుతుంది. రింగు లోపలి సన్నని గీతలు అరిగిపోతే ఆ పట్టు పోతుంది, అడ్డుపడే పని కూడా పోతుంది, పళ్ళు గర్రుమంటాయి.

దీని గుర్తు స్పష్టం. బండి కదులుతుండగా, ఏదో ఒక్క గేరులో మాత్రమే గర్రు. ఎక్కువగా ఆ గేరు రెండే, ఎందుకంటే మూడు నుంచి రెండుకు దిగేటప్పుడు సమం చేయాల్సిన తేడా పెద్దది, ఊళ్ళో ట్రాఫిక్‌లో ఆ పని రోజంతా జరుగుతుంది. అన్ని గేర్లూ ఒకే రీతిన గర్రుమంటే మళ్ళీ క్లచ్‌నే అనుమానించాలి. సింక్రో రింగులన్నీ ఒకేసారి పోవడం అరుదు. రూఢి చేసుకోవడానికి పాత లారీ డ్రైవర్ల డబుల్ క్లచ్ పద్ధతి పనికొస్తుంది: క్లచ్ తొక్కి న్యూట్రల్ చేసి, క్లచ్ వదిలి కాస్త రేస్ ఇచ్చి, మళ్ళీ తొక్కి కింది గేరు వేయాలి. అలా చేసినప్పుడు చప్పుడు లేకుండా పడితే సింక్రో అరిగినట్టే, ఎందుకంటే రింగు చేయాల్సిన పనిని డ్రైవరు కాలు చేసేసింది.

ఉదయం మొదటి కొద్ది కిలోమీటర్లు రెండో గేరు బిగుతుగా ఉండి, తర్వాత సర్దుకుంటే అంత కంగారు అక్కర్లేదు. శీతాకాలం తెల్లవారుజామున లంబసింగిలోనో, ఆదిలాబాదులోనో చల్లబడిన చిక్కటి నూనెను రింగు తుడుచుకుని శంఖువును పట్టుకోవడానికి సమయం పడుతుంది. వేడెక్కాక కూడా అదే బాధ ఉంటేనే లోపం.

వేసిన గేరు జారిపోతే

ఘాట్ రోడ్డు దిగుతూ రెండో గేరులో ఇంజిన్ మీద బండిని ఆపుకుంటున్నప్పుడు లివరు తనంతట తాను న్యూట్రల్‌కు వచ్చేస్తే ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. ఈ లక్షణం కనిపించిన బండిని కొండ మీదికి తీసుకెళ్ళకూడదు. యాక్సిలరేటర్ వదిలిన క్షణాన జారుతోందా, గుంతలో పడినప్పుడా అన్నది ముందు చూడాలి. ఇంజిన్ మౌంటింగు రబ్బరు తెగితే యాక్సిలరేటర్ నొక్కి వదిలినప్పుడల్లా ఇంజిన్, గేర్‌బాక్సు కలిసి ఊగుతాయి. రాడ్డుతో నడిచే లివరు ఉన్న బండిలో ఆ ఊపే గేరును లాగేస్తుంది. మౌంటింగు చూడటం సులువు: బానెట్ తెరిచి, ఒకరు బ్రేకు గట్టిగా పట్టి ఫస్టులోనూ రివర్సులోనూ క్లచ్‌ను కొద్దికొద్దిగా వదులుతుంటే, పక్క నుంచి ఇంజిన్ ఎంత లేస్తోందో తెలుస్తుంది. బండి ముందు మాత్రం ఎవరూ నిలబడకూడదు.

మౌంటింగులు బాగుంటే లోపం లోపలే. స్లీవు, చక్రం పళ్ళ అంచులు గుండ్రబడటం, ఫోర్కు కొసలు అరగడం, రాడ్డును స్థానంలో పట్టి ఉంచే గోళీ కింది స్ప్రింగు బలహీనపడటం, షాఫ్టుకు ముందూవెనకా ప్లే రావడం. గేరు నాబ్ మీద చెయ్యి వాల్చి బండి నడిపేవాళ్ళు ఫోర్కును తిరిగే స్లీవు గాడికి అదేపనిగా ఒత్తుతుంటారు. ఆ చేతిని స్టీరింగు మీదికి మార్చుకోవడానికి ఖర్చేమీ లేదు.

నూనె చెప్పే సంగతులు

గేర్‌బాక్సు విప్పకుండా దాని లోపలికి చూడగల కిటికీ ఒక్కటే: డ్రెయిన్ ప్లగ్గు. చిన్న కార్లలో పెట్టెలో రెండు లీటర్ల చుట్టుపక్కల నూనె ఉంటుంది. చాలా మోడళ్ళలో మట్టం చూసే కడ్డీ ఉండదు. బండి సమంగా నిలబెట్టి పక్కనున్న ఫిల్లర్ ప్లగ్గు విప్పితే నూనె ఆ రంధ్రం కింది అంచుదాకా ఉండాలి. ఇంజిన్ ఆయిల్ ఏటా మార్చేవారు కూడా దీని జోలికి వెళ్ళరు. గేర్‌బాక్సు మూలుగులకు తక్కువ నూనెను మించిన కారణం లేదు. నూనె తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. డ్రైవ్ షాఫ్టులు పెట్టెలోకి దూరే చోట ఉండే సీళ్ళ దగ్గర ముందు వెతకాలి.

ప్లగ్గుకు అయస్కాంతం ఉంటే దానికి అంటుకున్న మెత్తటి బూడిదరంగు పేస్టు మామూలు అరుగుదలే, భయపడక్కర్లేదు. పసుపు మెరుపులు తేలుతుంటే సింక్రో రింగులు అరుగుతున్నాయి. ఇత్తడి అయస్కాంతానికి అంటదు కాబట్టి వాటిని నూనెలోనే చూడాలి. గోటికి తగిలే ఉక్కు పెచ్చులు, పంటి ముక్కలు, సూదుల్లాంటివి కనిపిస్తే ఇక బండి నడపడం ఆపి పెట్టె దించాల్సిందే. నూనె పాలు కలిపినట్టు తెల్లబడితే నీళ్ళు చేరాయి. వేడెక్కిన గేర్‌బాక్సు ఒక్కసారిగా నీటిలో మునిగితే లోపలి గాలి కుంచించుకుని బ్రీదర్ గొట్టంలోంచి నీటిని లోపలికి లాగుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో మునిగిన కార్ల విషయంలో ఇంజిన్, సీట్లు, వైరింగు గురించి అందరూ ఆలోచించారు. అలాంటి బండిలో గేర్ ఆయిల్ కూడా వెంటనే మార్చాలి. లేకపోతే తుప్పు బేరింగు గోళీల మీద గుంతలు చేసి, నెలల తర్వాత మూలుగుగా బయటికొస్తుంది. అప్పటికి వరద సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఏ నూనె పోయాలన్న దగ్గర పొరపాట్లు ఎక్కువ. డబ్బా మీద జీఎల్-4, జీఎల్-5 అని ఉంటుంది. పెద్ద అంకె మంచిదనుకుని జీఎల్-5 పోసేవారున్నారు. అది క్రౌన్, పినియన్ పళ్ళ మీద పడే తీవ్రమైన రాపిడికి తయారైంది. అందులో ఎక్కువ మోతాదులో ఉండే గంధక, భాస్వర పదార్థాలు ఇత్తడి రింగులను దెబ్బతీయవచ్చు, జారుడు ఎక్కువై సింక్రో పట్టు కూడా తగ్గుతుంది. కొన్ని గేర్‌బాక్సులకు 75డబ్ల్యు-80 వంటి పలుచటి నూనె, మరికొన్నిటికి 80డబ్ల్యు-90, ఇంకొన్నిటికి తయారీదారు ప్రత్యేక ద్రవం. గేరు బిగుతుగా పడుతోందన్న ఫిర్యాదు ఆయిల్ మార్చిన వారం తర్వాత మొదలైతే ముందు అడగాల్సింది ఏ డబ్బా పోశారని.

చప్పుడును వెంబడించడం

ఆగి ఉన్న బండిలో, న్యూట్రల్‌లో, ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా మొదలుపెట్టాలి. పెడల్ పైకి ఉన్నప్పుడు గరగర వినిపించి, తొక్కగానే పోతే గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు బేరింగు మీద అనుమానం. ఇక్కడ ఒక హెచ్చరిక: వదులుగా తిరిగే గేరు చక్రాలు ఇంజిన్ అదురుకు ఒకదానినొకటి కొట్టుకోవడం వల్ల వచ్చే సన్నని కటకట డీజిల్ బండ్లలో సహజం. దాన్ని తగ్గించడానికే చాలా డీజిల్ కార్లలో రెండు ముక్కల ఫ్లైవీల్ పెడతారు. ఆ ఫ్లైవీల్ పాడైతే ఇంజిన్ ఆన్ చేసేటప్పుడూ ఆపేటప్పుడూ గట్టిగా దడదడమంటుంది.

పెడల్ మీద కాలు తేలిగ్గా ఆనించగానే కీచుమనో గర్రుమనో మొదలైతే అది రిలీజ్ బేరింగు. ప్రయాణమంతా ఎడమ కాలు పెడల్ మీదే ఉంచేవారికి అది త్వరగా పోతుంది. పూర్తిగా తొక్కినప్పుడే వచ్చే చప్పుడు, క్రాంక్‌షాఫ్టు కొసలో పైలట్ బేరింగు ఉన్న బండ్లలో, ఆ బేరింగుది కావచ్చు. ఎందుకంటే క్రాంక్‌కూ ఇన్‌పుట్ షాఫ్టుకూ వేగంలో తేడా వచ్చేది అప్పుడే.

తర్వాత రోడ్డు మీదికి. సమంగా, ఖాళీగా ఉన్న రోడ్డు కావాలి. చప్పుడు బాగా వినిపించే వేగం పట్టుకుని, క్లచ్ తొక్కి న్యూట్రల్ చేసి, ఇంజిన్‌ను ఆపకుండా ఐడిల్‌లోనే వదిలి బండిని దొర్లనివ్వాలి. ఇంజిన్ ఆపితే బ్రేకుకూ స్టీరింగుకూ సాయం పోతుంది కాబట్టి ఆ పని ఎప్పుడూ చేయకూడదు. చప్పుడు అలాగే ఉండి బండి వేగంతో పాటు తగ్గుతూ వస్తే మూలం డిఫరెన్షియల్, చక్రాల బేరింగులు, టైర్ల వైపు ఉంది. వెంటనే మాయమైతే ఇంజిన్, క్లచ్, గేర్‌బాక్సు ముందు భాగం, లేదా బలం పడినప్పుడే అరిచే పళ్ళ వైపు చూడాలి.

గేర్ల మీద గేర్లు వేసి చూడటం ఇంకా వివరం ఇస్తుంది. ఒక్క గేరులోనే ఊళ వస్తే ఆ జత పళ్ళో, దాని బేరింగో. రివర్సులో వచ్చే ఊళ మాత్రం రోగం కాదు: చాలా పెట్టెల్లో రివర్సు పళ్ళు ఏటవాలుగా కాక నిట్టనిలువుగా కోసి ఉంటాయి, అవి అలాగే అరుస్తాయి. వెనక చక్రాల చోదనం ఉన్న బండ్లలో సాధారణంగా నాలుగో గేరు నేరుగా కలుస్తుంది, అంటే శక్తి పక్క షాఫ్టు మీదుగా పోదు. మిగతా గేర్లలో మూలుగుతూ నాలుగులో బాగా తగ్గితే ఆ పక్క షాఫ్టు బేరింగులో, పళ్ళో దోషులు. ముందు చక్రాల కార్లలో ఈ ఉపాయం పనికిరాదు, అక్కడ నేరుగా కలిసే గేరే లేదు.

యాక్సిలరేటర్ నొక్కితే ఊళ, వదిలితే నిశ్శబ్దం, లేక సరిగ్గా దీనికి తిరగేసి ఉంటే క్రౌన్, పినియన్ పళ్ళు ఒక వైపు అరిగినట్టో, వాటి అమరిక తప్పినట్టో. రెండు సందర్భాల్లోనూ ఒకే తీరు గరగర అయితే బేరింగులు. నిటారుగా పోయేటప్పుడు ఏమీ లేక మలుపులోనే గరగరమంటే డిఫరెన్షియల్ లోపలి చిన్న పళ్ళచక్రాలు, ఎందుకంటే రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరిగేటప్పుడే వాటికి పని పడుతుంది.

వీల్ బేరింగుకు కూడా మలుపే పరీక్ష. 50, 60 కిలోమీటర్ల వేగంలో నిదానంగా కుడికి తిప్పితే బరువు ఎడమ చక్రాల మీదికి పోతుంది. అప్పుడు ఝుమ్మనే మోత పెరిగితే ఎడమ బేరింగు, ఎడమకు తిప్పినప్పుడు పెరిగితే కుడిది. సీవీ జాయింట్లలో బయటిది అరిగితే స్టీరింగు పూర్తిగా తిప్పి బయల్దేరినప్పుడు టకటకమని లెక్కపెట్టగలిగేలా కొడుతుంది. లోపలిది అరిగితే నిటారుగా గట్టిగా వేగం అందుకునేటప్పుడు స్టీరింగు, నేల అదురుతాయి. బయటి జాయింటు చాలా కార్లలో జెప్పా రకం: రెండు గిన్నెల మధ్య గాళ్ళలో ఆరు ఉక్కు గోళీలు. అది గ్రీజులో ఉన్నంతకాలం సులువుగా చావదు. దాని మీది రబ్బరు బూటు చిరిగితే గ్రీజు చక్రం లోపలి వైపు చిమ్ముతుంది, దుమ్ము, ఇసుక లోపలికి పోతాయి. టకటక మొదలయ్యాక గ్రీజు పెట్టి లాభం లేదు. చక్రం లోపల నల్లటి చిందులు కనిపించిన రోజే బూటు మార్పిస్తే జాయింటు ఖర్చు తప్పుతుంది.

లెక్క కూడా సాయం చేస్తుంది. 165/80 ఆర్14 టైరు చుట్టుకొలత దాదాపు 1.95 మీటర్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 16.7 మీటర్లు పోతుంది, అంటే చక్రం సెకనుకు ఎనిమిదిన్నర సార్లు తిరుగుతుంది. ఫైనల్ డ్రైవ్ నిష్పత్తి 4 అనుకుంటే పినియన్ 34 సార్లు. పినియన్‌కు 15 పళ్ళుంటే పళ్ళు కలిసే లయ సెకనుకు 510. కాబట్టి ఆ వేగంలో వేరువేరుగా వినిపించే థడ్ థడ్ చక్రానిదో టైరుదో. సీటులో తెలిసే సన్నని అదురు పినియన్‌తో పాటు తిరిగే షాఫ్టుది. నిజమైన ఊళ పళ్ళది. ఫోనులో శబ్ద తరంగాల పౌనఃపున్యం చూపే యాప్‌తో ఈ అంకెలను పోల్చి చూసే మెకానిక్కులు ఇప్పుడున్నారు. చెవికి ఆనించిన పొడవాటి స్క్రూడ్రైవరు మీద మాత్రమే ఆధారపడటం కన్నా ఇది నయం.

ప్రొపెల్లర్ షాఫ్టు ఉన్న బండ్లు

ఇక్కడ కంపనం, దెబ్బ ఎక్కువ. బండి కదిలిన క్షణాన, యాక్సిలరేటర్ వదిలి మళ్ళీ నొక్కినప్పుడు ధడ్‌మంటే దారి పొడవునా ఉన్న చిన్న చిన్న ప్లేలన్నీ కలిసి వినిపిస్తున్నాయి. యూనివర్సల్ జాయింటులోని క్రాస్, గ్రీజు లేక ఎండిన స్లిప్ జాయింటు గాళ్ళు, క్రౌన్, పినియన్ మధ్య ఖాళీ, మౌంటింగులు. ఇంజిన్ ఆపి, చక్రాలకు దిమ్మలు పెట్టి, గేరులో ఉంచి షాఫ్టును చేత్తో అటూ ఇటూ తిప్పితే క్రాస్‌లో ప్లే కంటికే కనిపిస్తుంది. ఎండిపోతున్న క్రాస్ దానికంటే చాలా ముందే, నెమ్మదిగా పోయేటప్పుడు, కిచకిచమని హెచ్చరిస్తుంది.

ఏటవాలుగా కలిసిన యూనివర్సల్ జాయింటు ఒక విచిత్రం చేస్తుంది: ఒకవైపు షాఫ్టు సమవేగంతో తిరిగినా రెండోవైపుది చుట్టుకు రెండుసార్లు వేగం పుంజుకుని, రెండుసార్లు తగ్గుతుంది. రెండో చివర మరో జాయింటును సరైన దిశలో పెట్టి ఆ తేడాను కొట్టేస్తారు. మరమ్మతులో స్లిప్ జాయింటును గుర్తు పెట్టకుండా విడదీసి, ఒక గాడి పక్కకు ఎక్కించేస్తే ఆ రెండు తేడాలూ సరిపడవు. మునుపు లేని అదురు షెడ్డు నుంచి బయటికి రాగానే మొదలవుతుంది. విప్పే ముందు రెండు ముక్కల మీదా ఒక గీత గీయడం అరనిమిషం పని. బ్యాలెన్సు కోసం అతికించిన చిన్న బిళ్ళ ఊడినా, షాఫ్టు రాయికి తగిలి సొట్టపోయినా, మధ్య బేరింగు రబ్బరు చిరిగినా ఇలాంటి అదురే వస్తుంది. బరువు ఎక్కించినప్పుడే వస్తే వెనక స్ప్రింగులు కుంగి జాయింటు కోణం మారిందేమో చూడాలి.

దారి తప్పించేవి

గేర్‌బాక్సు పేరు మీద వచ్చే ఫిర్యాదుల్లో కొన్ని దానికి సంబంధించినవే కావు. ఎగుడుదిగుడుగా అరిగిన టైరు, పోయిన వీల్ బేరింగు ఒకేలా మోగుతాయి. కొత్త తారు రోడ్డు మీద నుంచి సిమెంటు రోడ్డు మీదికి వెళ్ళగానే శబ్దం మారితే టైరే. బేరింగుకు రోడ్డు ఏదైనా ఒకటే. ముందు టైర్లను వెనక్కి మార్చినప్పుడు చప్పుడు కూడా వెనక్కి పోతే ఇక సందేహం లేదు. బ్రేకు డిస్కుకూ దాని రేకుకూ మధ్య ఇరుక్కున్న చిన్న కంకర రాయి గేర్లన్నీ నుజ్జయినట్టు అరుస్తుంది. సైలెన్సర్ మీద వేడిని ఆపే రేకు స్క్రూ లూజైతే ఒక నిర్దిష్ట ఆర్‌పీఎం దగ్గర మాత్రమే గణగణమంటుంది, క్లచ్ తొక్కి ఇంజిన్ రేస్ చేసినా వస్తుంది. అక్కడే దాని గుట్టు బయటపడుతుంది.

2014లో సెలెరియోతో మన మార్కెట్లో చౌకగా వ్యాపించిన ఏఎంటీ కార్లలో క్లచ్ పెడల్ లేకపోయినా లోపల ఉన్నది ఇదే గేర్‌బాక్సు, ఇదే క్లచ్ ప్లేటు. తొక్కే పని, లివరు కదిపే పని యంత్రం చేస్తుంది. పైన చెప్పిన చప్పుళ్ళన్నీ వీటికీ వర్తిస్తాయి. గేరు పడకపోతే మాత్రం ముందు స్కానర్ పెట్టి ఆక్చువేటర్ లోపాలు చదవాలి. క్లచ్ మార్చాక కంప్యూటర్‌కు కొత్త ప్లేటు పట్టే స్థానాన్ని నేర్పించకపోతే జర్కులు తగ్గవు.

విప్పి బిగించాక

క్లచ్ సెట్టు మార్చిన తర్వాత కొత్తగా పుట్టే తేడాలకు కారణాలు వేరు. ఇన్‌పుట్ షాఫ్టు గాళ్ళకు గ్రీజు రాయకపోతే ప్లేటు జారక గేరు గట్టిపడుతుంది. ఎక్కువ రాస్తే అది చిమ్మి ప్లేటు మీద పడి బయల్దేరేటప్పుడు బండి వణుకుతుంది. ప్లేటు తిరగేసి పెడితే క్లచ్ అసలు విడవదు. డ్రైవ్ షాఫ్టు లాగినప్పుడు సీలు అంచు గీసుకుంటే కొన్నాళ్ళకు కింద నూనె చుక్కలు కనిపిస్తాయి. ఫ్లైవీల్ ముఖాన్ని చూడకుండా, నీలిరంగు తిరిగిన మచ్చల మీదే కొత్త ప్లేటు బిగిస్తే ఆ వణుకు కొత్త ప్లేటుకూ అంటుకుంటుంది. అందుకే పెట్టె దించిన రోజునే ఫ్లైవీల్, రిలీజ్ బేరింగు, దాని ఫోర్కు, క్రాంక్‌షాఫ్టు వెనక సీలు అన్నీ చూసి అవసరమైనవి మార్చేస్తారు. ఆ పనిలో సామాన్ల కంటే గేర్‌బాక్సు దించి ఎక్కించే కూలీయే చాలాసార్లు ఎక్కువ, నెల తిరగకుండా రెండోసారి దాన్ని ఎవరూ ఇవ్వాలనుకోరు. కొత్త ప్లేటు పూర్తిగా పట్టడానికి కొన్ని వందల కిలోమీటర్లు పడుతుంది; ఆ దూరం వరకూ బరువు లాగడం, ఎత్తు మీద హాఫ్ క్లచ్‌తో నిలపడం మానేయాలి.